మైనరు పిల్లలున్న దంపతులు వీలునామా రాసుకోవడం ఎలా?

ప్రశ్న: నా వయసు 38. భార్యాభర్తలిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. పాపకు 7 ఏళ్లు, బాబుకు 3 ఏళ్లు. బ్యాంకు అప్పుతో కొన్న ఫ్లాటు నా ఒక్కడి పేరు మీదే ఉంది, ఇంకా 12 ఏళ్ల వాయిదాలు మిగిలి ఉన్నాయి. నాన్నగారు ఆరేళ్ల కిందట వీలునామా ఏదీ రాయకుండానే కాలం చేశారు. ఆయన స్వయంగా కొన్న పొలాన్ని అమ్మా, చెల్లెలూ, నేనూ ఇంకా పంచుకోలేదు. బీమా, భవిష్యనిధి, బ్యాంకు డిపాజిట్లు అన్నిటిలోనూ నా భార్యనే నామినీగా చూపించాను. ఈమధ్య నా ఈడు సహోద్యోగి ఒకరు హఠాత్తుగా మరణించడంతో వీలునామా రాసి పెట్టుకుందామనిపించింది. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక నమూనా తీసుకుని, నా ఆస్తి సమస్తమూ ఇద్దరు పిల్లలకూ సమానంగా చెందాలని నింపాను, సంతకం ఇంకా చేయలేదు. నామినీగా తానుండగా ఈ కాగితాలన్నీ ఎందుకని నా భార్య అంటోంది. నేను రాసుకున్నది చెల్లుతుందా? మా ఇద్దరికీ ఏదైనా జరిగితే పిల్లలను మా చెల్లెలు పెంచాలని అందులో రాయవచ్చా?

సమాధానం: సంతకం చేయకముందే మీరు ఈ ప్రశ్న అడగడం మంచిదైంది. మీరు నింపిన కాగితం చెల్లదేమోనన్న భయం అక్కరలేదు. ఇద్దరు సాక్షులతో పద్ధతి ప్రకారం సంతకాలు జరిగితే అది నిక్షేపంగా చెల్లుతుంది. చిక్కంతా అది చెల్లడం వల్లనే వస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మీరు ఏమీ రాయకపోతే ఏం జరుగుతుందో చూడాలి. మీ లేఖను బట్టి మీకు హిందూ వారసత్వ చట్టం, 1956 వర్తిస్తుందని అనుకుని ఈ సమాధానం రాస్తున్నాను. బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడా ఆ చట్టమే వర్తిస్తుంది. ముస్లింలకు నిబంధనలు వేరు. వారు సాధారణంగా తమ ఆస్తిలో మూడో వంతుకు మించి, వారసుల సమ్మతి లేకుండా, వీలునామా ద్వారా ఇవ్వలేరు. క్రైస్తవులకు కూడా కొన్ని తేడాలున్నాయి. ఉదాహరణకు పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితోనే రద్దయిపోతుంది.

వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే అతని భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి మొదటి తరగతి వారసులుగా సమాన వాటాలు పొందుతారు. తండ్రి ఆ తరగతిలో లేడు. కాబట్టి మీ విషయంలో మీ భార్యకు, పాపకు, బాబుకు, అమ్మగారికి తలా నాలుగో వంతు వస్తుంది. అంటే మీ ఫ్లాటులో సగం మైనర్లదవుతుంది. మీరు నింపిన నమూనా ప్రకారమైతే ఫ్లాటు మొత్తం మైనర్లదే. పిల్లలకు మేలు చేయాలన్న తలంపుతో ఎంతోమంది తల్లిదండ్రులు సరిగ్గా ఇలాగే రాస్తారు, రాసి నిశ్చింతగా ఉంటారు. మైనరు పేరు మీదకు చేరిన స్థిరాస్తికి చట్టం వేసే తాళం ఎలాంటిదో వారికి తెలియదు.

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956లోని సెక్షన్ 8 ప్రకారం, తల్లి అయినా తండ్రి అయినా సహజ సంరక్షకులు మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు, దానంగా ఇవ్వకూడదు. అయిదేళ్లకు మించి గానీ, మైనరుకు మేజరిటీ వచ్చాక ఏడాదికి మించి గానీ కౌలుకో అద్దెకో రాసి ఇవ్వకూడదు. అనుమతి కావాలంటే ఆ అమ్మకం మైనరుకు అవసరమనో, స్పష్టంగా లాభకరమనో కోర్టును ఒప్పించాలి. అనుమతి లేకుండా అమ్మితే ఆ మైనరు పెద్దవాడయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయమని దావా వేయవచ్చు, అందుకు మేజరు అయిన నాటి నుంచి మూడేళ్ల గడువుంటుంది. మీ బాబుకు ఇప్పుడు 3 ఏళ్లు. అతనికి 21 నిండేదాకా, అంటే రాబోయే 18 ఏళ్ల పాటు, అనుమతి లేని అమ్మకం మీద ఈ దావా కత్తి వేలాడుతూనే ఉంటుంది కనుక, తెలిసిన కొనుగోలుదారు ఎవరూ ఆ ఫ్లాటు జోలికి రారు. వాయిదాలు కట్టడం భారమై ఫ్లాటు అమ్మేసి చిన్న ఇంట్లోకి మారదామన్నా, ఉద్యోగం వేరే ఊరికి మారి అక్కడ ఇల్లు కొందామన్నా, పిల్లల చదువుకే దాన్ని తనఖా పెడదామన్నా, మీ భార్య ముందుగా కోర్టు మెట్లెక్కాలి. మీరు పిల్లలకు ఇచ్చారనుకున్నది వారిని పెంచవలసిన మనిషి చేతులకు సంకెల అవుతుంది.

దీనికి తోడు మీ నమూనాలో ఇంకో పొరపాటు ఉంది, మీరు గమనించినట్టు లేదు. అప్పుతో ఉన్న ఆస్తిని వీలునామాలో ఎవరికైనా ఇస్తే, మీరు వేరే ఏర్పాటు రాయనంత వరకు, దాన్ని తీసుకున్నవారే ఆ అప్పునూ భరించాలి. ఫ్లాటు పిల్లలకు పోతే దాని మీది అప్పు కూడా వారి వాటాతోనే పోతుంది. బీమా సొమ్ము మాత్రం నామినీ అయిన మీ భార్య చేతికి వస్తుంది. అప్పు ఒకరి వాటాలో, దాన్ని తీర్చగల సొమ్ము మరొకరి వాటాలో పడే వీలునామా కాగితం మీద ఎంత సమానంగా కనిపించినా కుటుంబానికి ఉపయోగపడదు.

నామినీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మీ భార్య అంటున్నది సగం మాత్రమే నిజం. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతికి డబ్బిచ్చి తన బాధ్యత తీర్చుకోవచ్చో వారు, అంతే. ఆ డబ్బు చివరకు ఎవరిదన్నది వీలునామా, అది లేకపోతే వారసత్వ చట్టం తేలుస్తాయి. షేర్లు, డిబెంచర్ల విషయంలోనూ నామినేషన్ వారసత్వ క్రమాన్ని తోసిరాజనలేదని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. కాబట్టి మీ నమూనా ప్రకారం మీ భార్య డిపాజిట్ల సొమ్మును బ్యాంకు నుంచి తీసుకోగలదు గానీ, తనదిగా ఖర్చు పెట్టలేదు, పిల్లల తరఫున అట్టిపెట్టవలసి ఉంటుంది. బీమా దారి మాత్రం వేరు. 1983లో సుప్రీంకోర్టు బీమా నామినీకి కూడా కేవలం సొమ్ము తీసుకునే హక్కే ఉందని తీర్పునిచ్చింది. 2015లో బీమా చట్టాన్ని సవరించాక, పాలసీదారు తన భార్యను లేదా భర్తను, పిల్లలను, తల్లిదండ్రులను నామినీగా పెడితే ఆ సొమ్ము లబ్ధి కూడా వారిదేనన్న నిబంధన వచ్చింది. భవిష్యనిధికి దాని సొంత నియమాలున్నాయి. కుటుంబం ఉన్న సభ్యుడు కుటుంబ సభ్యులనే నామినీగా చూపాలి, పెళ్లికి ముందు చేసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. మీది ఎప్పుడు చేసిందో ఒకసారి తీసి చూడండి. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరి, ఆ తర్వాత ఆ కాగితం వైపు మళ్లీ చూడనివారు చాలామంది ఉంటారు.

ఇప్పుడు నా సలహా. పిల్లలు ఇంత చిన్నవారిగా ఉన్నప్పుడు, భార్యాభర్తల మధ్య నమ్మకం ఉన్న కుటుంబంలో, మీ ఆస్తిని మొదటి మెట్టులో నేరుగా మీ భార్యకే సంపూర్ణ హక్కులతో ఇవ్వండి. ఆమె మీ కంటే ముందే గానీ, మీతో పాటే గానీ మరణిస్తే మాత్రం పిల్లల కోసం ట్రస్టుగా ఏర్పడాలని రెండో మెట్టు రాయండి. ఆమె వీలునామా కూడా ఇదే పద్ధతిలో మీ పేరున ఉండాలి.

మొదటి మెట్టులో జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. మన దస్తావేజుల్లో తరతరాలుగా వస్తున్న ఒక వాక్యం ఉంది: భార్య తన జీవితకాలం అనుభవించాలి, తదనంతరం పిల్లలకు చెందాలి. చదవడానికి ఎంతో న్యాయంగా కనిపించే ఈ వాక్యం మీద మన కోర్టుల్లో నడిచినన్ని వ్యాజ్యాలు బహుశా మరే వాక్యం మీదా నడిచి ఉండవు. భార్యకు ఉన్న భరణపు హక్కుకు బదులుగా ఆ ఆస్తి ఇచ్చారని తేలితే హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14 కింద ఆమె హక్కు సంపూర్ణమవుతుందా, లేక వీలునామాలో పెట్టిన పరిమితి నిలుస్తుందా అన్నది ప్రతి కేసులోనూ ఆ కేసు వాస్తవాలను బట్టి తేల్చవలసి వస్తుంది. 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు ఇలాంటి ఆంక్షతో ఆస్తి పొందిన ఒక తెలుగు వితంతువు దావాలోనిదే. దీనికి మించిన గందరగోళం, ముందు వాక్యంలో సర్వహక్కులతో భార్యకు అని రాసి, తర్వాతి వాక్యంలో ఆమె అనంతరం పిల్లలకు అని రాయడం. సంపూర్ణంగా ఇచ్చేసిన తర్వాత మళ్లీ దాని గమ్యాన్ని నిర్ణయించే అధికారం మీకు మిగలదు. ఏదో ఒకటి నిశ్చయించుకుని, ఒకే అర్థం వచ్చేలా రాయండి. మీ భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే హక్కు పోతుందన్న షరతు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను ఇవ్వను. ముప్పైల్లో ఉన్న మనిషి ముందు జీవితాన్నో ఇంటినో ఎంచుకోమని పెట్టే ఆ షరతు పిల్లలను కాపాడేదేమీ ఉండదు. ఆ భయం ఉంటే దానికి మందు ఆమె చేత వీలునామా రాయించడమే. ఆమె ఏమీ రాయకుండా మరణిస్తే ఆమె ఆస్తిని ఆమె పిల్లలూ, అప్పటి భర్తా సమానంగా పంచుకుంటారన్న సంగతి ఆమెకు ముందే తెలిసి ఉండాలి.

రెండో మెట్టు, అంటే ఇద్దరూ లేని పరిస్థితి. ఒకే ప్రమాదంలో ఇద్దరూ మరణించి, ఎవరు ముందో తెలియకపోతే హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 21 వయసులో చిన్నవారు తర్వాత మరణించినట్టు భావిస్తుంది, అది తప్పని రుజువైతే తప్ప. మీ భార్య మీ కంటే చిన్నదైతే, మీ ఆస్తి ఒక క్షణం ఆమెకు చేరి, ఆ వెంటనే ఆమె వీలునామా ప్రకారం గానీ, అది లేకపోతే ఆమె వారసత్వ క్రమం ప్రకారం గానీ కదులుతుంది. ఈ ఊహల మీద ఆధారపడకుండా, నా తర్వాత 30 రోజులు జీవించి ఉంటేనే నా భార్యకు, లేకపోతే కింద చెప్పిన ట్రస్టుకు అని ఒక వాక్యం చేర్చండి. ఆ గడువు 30 రోజులే కావాలన్న నియమం ఏదీ లేదు, ప్రమాదంలో కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండి మరణించే సందర్భం కూడా అందులో ఇమిడితే చాలు.

ట్రస్టు అనగానే అది ధనవంతుల వ్యవహారమని భయపడకండి. భారత ట్రస్టుల చట్టం, 1882 ప్రకారం వీలునామాలోనే ట్రస్టు ఏర్పాటు చేయవచ్చు. స్థిరాస్తి ఉన్నప్పటికీ, వీలునామా ద్వారా ఏర్పడే ట్రస్టుకు విడిగా రిజిస్టరు పత్రం అక్కరలేదు. ఫలానా ఇద్దరు ధర్మకర్తలుగా ఆస్తిని పట్టుకుని, పిల్లల తిండికీ చదువుకూ వైద్యానికీ ఖర్చు చేస్తూ, ప్రతి బిడ్డకూ ఫలానా వయసు వచ్చాక వారి వాటా అప్పగించాలి అన్నదే దాని సారం. ధర్మకర్తలకు ఆస్తిని అమ్మే, మరో రూపంలోకి మార్చే అధికారం వీలునామాలోనే స్పష్టంగా ఇవ్వాలి. సంరక్షకుడికీ ధర్మకర్తకూ ఉన్న అసలు తేడా ఇదే. వీలునామాలో నియమించిన సంరక్షకుడికి కూడా సహజ సంరక్షకులకున్న కట్టుబాట్లే వర్తిస్తాయి కనుక అమ్మకానికి కోర్టు అనుమతి తప్పదు. ధర్మకర్త పేరున ఆస్తి ఉంటుంది కాబట్టి, అధికారం రాసి ఇచ్చి ఉంటే, పని సాగుతుంది. వయసు విషయంలో ఒక మాట. 18 నిండగానే చట్టం దృష్టిలో మేజరే గానీ, ఆ వయసు పిల్లవాడి చేతిలో ఫ్లాటూ బ్యాంకు నిల్వలూ ఒక్కసారిగా పెట్టడానికి చాలామంది తల్లిదండ్రులకు మనసొప్పదు, 23 అనో 25 అనో రాస్తారు. అలా రాయవచ్చు. కానీ ముందు ఆస్తిని బిడ్డకు సంపూర్ణంగా ఇచ్చేసి, కింద 25 ఏళ్ల దాకా ముట్టుకోకూడదు అని ఒట్టి ఆదేశం చేరిస్తే అది నిలవకపోవచ్చు. పూర్తిగా ఇచ్చిన సొమ్మును ఇలాగే అనుభవించాలని పెట్టే ఆదేశాన్ని పక్కన పెట్టి తీసుకునే హక్కును భారత వారసత్వ చట్టం లబ్ధిదారుకే ఇస్తుంది. ఈ ఒక్క భాగాన్ని మాత్రం నమూనా చూసి రాయకుండా, న్యాయవాది చేత రాయించుకోండి. మిగిలినదంతా మీరే రాసుకోగలరు.

పిల్లల పెంపకం మీ లేఖలో చివరన వచ్చింది గానీ, నా దృష్టిలో మీ వీలునామాకు అదే ప్రాణం. డబ్బు పంపకం విషయంలో చట్టం ఏదో ఒక క్రమం తయారుగా ఉంచింది, మీ బిడ్డను రాత్రి ఎవరి పక్కన పడుకోబెట్టాలో అది ఎక్కడా రాసి పెట్టలేదు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 9 తండ్రికి వీలునామా ద్వారా సంరక్షకుణ్ని నియమించే అధికారం ఇచ్చింది. అయితే మీ తర్వాత మీ భార్య జీవించి ఉంటే మీ నియామకానికి బలం ఉండదు, ఆమే సంరక్షకురాలు. ఆ తర్వాత ఆమె తన వీలునామాలో మరొకరిని నియమిస్తే వారే సంరక్షకులవుతారు. ఆమె ఎవరినీ నియమించకుండా మరణిస్తే మీ నియామకం తిరిగి ప్రాణం పోసుకుంటుంది. తల్లి విషయంలో చట్టం వాడిన భాష చూస్తే, వితంతువు అయిన తల్లికి, తండ్రి ఆ అర్హత కోల్పోయిన సందర్భంలో తల్లికి ఈ అధికారం ఉంది. కాబట్టి ఇద్దరూ మీ మీ వీలునామాల్లో ఒకే పేరు రాయండి. మీలో ఒకరు పోతే, మిగిలినవారు కొద్ది రోజుల్లోనే ఆ నియామకాన్ని మరోసారి కొత్తగా రాసి సంతకం చేయాలన్నది కూడా ఇద్దరూ గుర్తుపెట్టుకోండి. తండ్రి ఉండగా తల్లి సంరక్షకురాలు కాలేదా అన్న సందేహానికి 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. తండ్రి అనంతరం తల్లి అన్న మాటకు తండ్రి మరణానంతరం అని మాత్రమే కాక, తండ్రి ఏ కారణం చేతనైనా పిల్లల బాధ్యత చూసుకోని సందర్భంలో అని కూడా అర్థం చెప్పింది.

మీ చెల్లెలి పేరు తప్పక రాయవచ్చు. రాసే ముందు ఆమెనూ, ఆమె భర్తనూ కూర్చోబెట్టి అడిగి, ఒప్పుకున్నాకే రాయండి. వీలునామాలో తన పేరు చూసి మొదటిసారి ఈ సంగతి తెలుసుకునే సంరక్షకురాలికి కాదనే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. దంపతులిద్దరినీ కలిపి నియమించకుండా మీ చెల్లెలిని ఒక్కదాన్నే నియమించి, ఆమె కాదన్నా, ఉండకపోయినా ఎవరో రెండో పేరు కూడా రాయండి. పిల్లలను పెంచే మనిషీ, డబ్బు చూసే మనిషీ ఒక్కరే కానక్కరలేదు. నన్నడిగితే ఒక్కరే కాకపోవడమే మంచిది. మీ చెల్లెలు పిల్లలను పెంచి, మీ భార్య తరఫున నమ్మకమైన ఒకరు ధర్మకర్తల్లో ఉంటే, రెండు కుటుంబాలకూ పిల్లల జీవితంలో చోటు ఉంటుంది, లెక్కలూ ఒకరికొకరు చూసుకుంటారు. చివరి మాట కోర్టుదేనని కూడా తెలుసుకోండి. వివాదం వస్తే సంరక్షకులు, వారి సంరక్షణలోని మైనర్ల చట్టం, 1890 కింద న్యాయమూర్తి మైనరు సంక్షేమాన్నే ప్రధానంగా చూస్తారు, ఊహ తెలిసిన వయసైతే ఆ బిడ్డ ఇష్టాన్ని కూడా అడుగుతారు. అందుకే ఈమెనే ఎందుకు ఎంచుకున్నారో, పిల్లలు ఆమెకు ఎంత చేరికో రెండు మూడు వాక్యాల్లో వీలునామాలోనే రాయండి. నమూనాల్లో ఎక్కడా కనిపించని వాక్యాలివి, అవసరమైన రోజున అన్నిటికంటే పనికొస్తాయి.

అమ్మగారి సంగతి మీ నమూనాలో అసలు లేదు. వీలునామాలో ఆమెకు ఏమీ ఇవ్వకపోవడం చట్టవిరుద్ధం కాదు. కానీ వృద్ధురాలైన తల్లి, ఏమీ పొందకపోతే, ఆస్తి తీసుకున్నవారి నుంచి దానిలోంచి భరణం అడిగే హక్కు హిందూ దత్తత, భరణపు చట్టం, 1956 ఆమెకు ఇచ్చింది. ఆ హక్కు కోసం అత్తాకోడళ్లు ఎదురెదురుగా నిలబడే అవసరం రాకుండా, ఒక డిపాజిట్టో, నెలనెలా ఇంత అనో ఆమెకు స్పష్టంగా కేటాయించండి. ఇవ్వదలచుకోకపోతే కారణం రాయండి. సహజ వారసులను కారణం చెప్పకుండా వదిలేయడం వీలునామా మీద అనుమానం కలిగించే పరిస్థితుల్లో ఒకటిగా కోర్టులు ఎప్పటినుంచో చూస్తున్నాయి.

నాన్నగారి పొలంలో మీరు రాయగలిగింది మీ వాటా మాత్రమే. అది ఆయన స్వార్జితం, ఆయన వీలునామా రాయలేదు కాబట్టి అమ్మగారికి, చెల్లెలికి, మీకు తలా మూడో వంతు. నాన్నగారి తల్లి అప్పటికి జీవించి ఉండి ఉంటే ఆమెకు కూడా ఒక వాటా ఉండేది. మీకు వచ్చిన వాటా మీ సొంత ఆస్తే అవుతుంది, దాని మీద మీ పిల్లలకు పుట్టుకతో హక్కు రాదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. అయినా ముందు ఆ పంపకం పూర్తి చేసి, రికార్డుల్లో పేర్లు మార్పించుకుని, ఆ తర్వాత వీలునామాలో సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులతో మీ వాటాను చూపడం మేలు. ఇప్పుడే రాయవలసి వస్తే, అవిభక్తంగా ఉన్న నా వాటా అని రాయండి. పొలం మొత్తాన్ని మీదిగా రాస్తే, మీరు ఎంతో ప్రేమతో పిల్లలను అప్పగిస్తున్న చెల్లెలితోనే మీ భార్యకు తగవు పెట్టినవారవుతారు.

ఇక కాగితం, సంతకాలు. స్టాంపు కాగితం అక్కరలేదు, మామూలు కాగితం మీద చేత్తో రాసినా టైపు చేసినా చెల్లుతుంది. లాయరు భాష వాడాలన్న నియమం లేదు, మీ ఉద్దేశం తెలిస్తే చాలు. మీరు 18 నిండి, మానసిక స్వస్థతతో ఉండాలి. భారత వారసత్వ చట్టం, 1925 సెక్షన్ 63 అడిగేవి మూడు: మీరు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షుల్లో ప్రతి ఒక్కరూ మీరు సంతకం చేస్తుండగా చూడాలి, లేదా ఈ సంతకం నాదేనని మీ నోటితో విని ఉండాలి, ఆ సాక్షులు మీ ఎదుటే సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో ఉండి తీరాలని చట్టం చెప్పదు గానీ, ఉంటేనే మంచిది. ఇంట్లో తీరిగ్గా సంతకం పెట్టి, కాగితాన్ని ఇద్దరు స్నేహితులకు పంపి వారి ఇళ్ల దగ్గర సంతకాలు చేయించుకునే పద్ధతి ఉంది చూశారూ, వీలునామాలు ఓడిపోయేది అక్కడే. మీ తదనంతరం ఆ సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి, తాను చూసిందీ, తాను మీ ఎదుట సంతకం చేసిందీ చెప్పవలసి రావచ్చు. కాబట్టి మీ కంటే వయసులో చిన్నవారిని, చిరునామా తెలిసినవారిని, ఏమీ పొందనివారిని సాక్షులుగా పెట్టుకోండి. సాక్షికి గానీ సాక్షి భార్యకో భర్తకో గానీ ఇచ్చిన ఆస్తి చెల్లదన్న నిబంధన హిందువులకు నేరుగా వర్తించకపోయినా, అనుమానానికి అదొక తలుపు. మీరిద్దరూ ఒకరి వీలునామాకు మరొకరు సాక్షులు కావద్దు, మీ చెల్లెలిని కూడా పెట్టవద్దు. దస్తావేజు రాసినవారు లేఖరిగా చేసే సంతకం సాక్షి సంతకం కింద లెక్కకు రాదు. ఫోనులోనో కంప్యూటరులోనో చేసే డిజిటల్ సంతకం వీలునామాకు పనికిరాదు, సమాచార సాంకేతిక చట్టం, 2000 తన పరిధి నుంచి వీలునామాలను మినహాయించింది. ప్రతి పేజీ కింద సంతకం చేయండి. కొట్టివేతలూ దిద్దుబాట్లూ ఉంటే వాటి పక్కన కూడా మీరూ సాక్షులూ సంతకం చేయాలి, అలాంటప్పుడు కొత్తగా రాసుకోవడమే తేలిక.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ చట్టం, 1908 దాన్ని మీ ఇష్టానికి వదిలింది, గడువు లేదు, స్టాంపు సుంకం లేదు. అయినా చేయించుకోమనే చెబుతాను. కాగితం పోయినా నకలు దొరుకుతుంది, ఫలానా తేదీన మీరు స్వయంగా హాజరయ్యారన్న రికార్డు ఉంటుంది. అయితే రిజిస్టరైనంత మాత్రాన దాన్ని ఎవరూ ప్రశ్నించలేరనుకోకండి, సాక్షులతో రుజువు చేయవలసిన బాధ్యత అలాగే ఉంటుంది. రిజిస్టరైన వీలునామాను రిజిస్టరైన వీలునామాతోనే రద్దు చేయాలన్నది కూడా అపోహ. తర్వాతి తేదీతో పద్ధతి ప్రకారం రాసినది, రిజిస్టరు కాకపోయినా, ముందుదాన్ని రద్దు చేస్తుంది. అందుకే తేదీ తప్పక వేసి, ఇంతకుముందు రాసినవేవైనా ఉంటే రద్దు చేస్తున్నానని మొదటి పేరాలోనే రాయండి. రహస్యంగా ఉంచాలనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేసే ఏర్పాటు కూడా ఉంది. తెలుగు రాష్ట్రాల్లోని ఆస్తులకు సంబంధించి హిందువుల వీలునామాకు ప్రొబేటు, అంటే వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. అమలు చేసే ఎగ్జిక్యూటరుగా మీ భార్యనూ, ఆమె లేకపోతే మరొకరినీ పేర్కొంటే సరిపోతుంది.

ఇద్దరూ కలిసి ఒకే వీలునామా రాయకండి. ఒకరు మరణించాక మిగిలినవారు దాన్ని మార్చుకోవచ్చా లేదా అన్న తగాదా అలాంటి వాటికి పుట్టుకతో వస్తుంది. రెండు వేర్వేరు కాగితాలు రాసుకోండి. ప్రస్తుత ఆస్తుల జాబితా తర్వాత, ఇకముందు నేను సంపాదించేదీ, ఇక్కడ పేర్కొనకుండా మిగిలిపోయినదీ అని ఒక వాక్యం, పిల్లల పేర్ల తర్వాత, నాకు ఇకముందు పుట్టే పిల్లలు కూడా అని ఒక వాక్యం ఉంటే, ప్రతి చిన్న మార్పుకూ మళ్లీ రాయనక్కరలేదు. అప్పు తీరినప్పుడు, సంరక్షకురాలి పరిస్థితి మారినప్పుడు, పాపకు 18 నిండినప్పుడు మాత్రం తీసి చదువుకోండి. అసలు కాగితం ఎక్కడుందో మీ భార్యకూ, రెండో ఎగ్జిక్యూటరుకూ తెలియాలి. ఆమె ఒక్కరే తెరవగల బ్యాంకు లాకరులో పెట్టారంటే, ఇద్దరూ లేని రోజున, ఆ రోజు కోసమే రాసిన భాగం అందుబాటులో ఉండదు.

మీరు నింపి ఉంచుకున్న ఆ నమూనాను కొత్తది రాసేదాకా కూడా ఆగకుండా చింపేయండి. సంతకం లేని కాగితం వీలునామా కాదు. కానీ అది మీ చేతిరాతతో, సమస్తమూ పిల్లలకే అన్న మాటలతో బీరువాలో దొరికితే, మీ అసలు ఉద్దేశం అదేనని మీ భార్యకు ఎదురు నిలిచి వాదించడానికి ఎవరో ఒకరికి ఆధారం ఇచ్చినట్టవుతుంది.